పదమూడో స్టాపు

మొయినాబాద్
11 సెప్టెంబర్ 2006

స్వామిదాసు మామకు,
ఉద్యమ వందనాలు.

నీ ఫోను కేంద్రంవాళ్లు తీసి దాచుకున్నారని, వారానికి ఒక ఉత్తరం మాత్రం రానిస్తారని అమ్మ చెప్పింది. మొయినాబాద్ చౌరస్తాలో బస్సెక్కితే అరగంటలో చేవెళ్ల. అరగంట దూరంలో ఉన్న మేనమామకు పోస్టులో ఉత్తరం రాయించే వ్యవస్థ ఎలాంటిదో నువ్వే ఆలోచించు. తాగుడు మానిపించే చోట ఆలోచించడానికి తీరిక దొరుకుతుందని విన్నాను.

ఇక్కడి సంగతి. పగలంతా జిరాక్స్ షాపులో ఇంజనీరింగ్ పిల్లల రెజ్యూమేలు కొట్టి, ఓనరు భోజనానికి వెళ్లిన గంటల్లో నీ కోసం వెయ్యి కరపత్రాలు కొట్టాను. అందులో ఉన్నది ఇంతే: జూలై 24న సురంగల్ మలుపులో కాలేజీ బస్సు ఎక్కుతూ అంజిలయ్య కూతురు నీలవేణి పడిపోయి చెయ్యి విరిగింది. తలుపు దగ్గరి ఇనుప కడ్డీ ఊడిపోయి ఉంది. దాన్ని బిగించని యాజమాన్యం, నేరాన్ని డ్రైవరు మీద మోపి పనిలోంచి ఆపింది. డ్రైవరు తాగుతాడన్నది నిజం. కడ్డీ తాగదు.

చివరి వాక్యం నాకు బాగా నచ్చింది. పెద్ద అక్షరాల్లో వేశాను.

ఆ రోజు ఏమైందో గుర్తులేదని నువ్వన్నావు. గుర్తులేనివాడి తరఫున గుర్తున్నవాళ్లు మాట్లాడాలి. డిసెంబర్ 11న కాలేజీలో విచారణ. నీ తప్పు లేదని తేలి, బస్సు నడపడానికి తగినవాడివని కేంద్రం కాగితం ఇస్తే నీ ఉద్యోగం నీకు. రెండోది నీ పని. మొదటిది నా పని.

కరపత్రాలు మూడువందలు పంచాను. తీసుకున్న పిల్లల్లో సగంమంది వెనకవైపు ఇంటర్వ్యూ లెక్కలు చేసుకున్నారు. మిగిలినవాటి వెనక నేను ఉత్తరాలు రాస్తున్నాను.

నీ అల్లుడు
కృపాకర్


చేవెళ్ల
18 సెప్టెంబర్

అల్లుడు కృపాకర్‌కు,
ప్రభువు నామంల వందనాలు.

నాకు రాసుడు రాదు, మాట్లాడినట్టే రాస్త. మొదటి వారం చేతులు వణికినయి. ఇప్పుడు చెంచ పట్టుకుంటున్న. ఫికర్ చెయ్యొద్దని మీ అమ్మకు చెప్పు.

ఈడ మందుబిళ్లలు ఇచ్చి పండవెడతరనుకున్న. బడి పెట్టిండ్రు. వనిత మేడం అని ఉన్నది, మన పక్కింటి మొగులయ్య బిడ్డ ఈడు ఉంటది. తాగుడు మానినంక మెదడు కొంత తనంతట తానే కుదురుకుంటదట, మిగిలినదానికి పని చెప్పి కుదర్చాలెనట. విరిగిన కాలు అతికినంక నడక నేర్పినట్టు.

పనులు మూడు. ఒకటి, ఆమె పదిహేను మాటలు చదువుతది, మనం తిరిగి అప్పజెప్పాలె. రెండు, వందల నుంచి ఏడు తీసుకుంట కిందికి రావాలె. మూడు, ఆమె చీటీలు చూపిస్తది. పచ్చచీటి చూపిస్తె బల్ల మీద కొట్టాలె. ఎర్రచీటి చూపిస్తె కొట్టొద్దు. పద్దెనిమిదేండ్లు బస్సు నడిపినోనికి ఎర్ర, పచ్చ నేర్పుడేందని నవ్విన. మొదటి రోజు ఇరవై ఎర్రచీటీలల్ల పదకొండింటికి కొట్టిన.

మాటలల్ల నాలుగు చెప్పిన. అండ్ల ఒకటి చాయ్. చాయ్ ఆ లిస్టులనే లేదట.

నా పక్క మంచం ఈశ్వరయ్య సారుది. లెక్కల మాస్టరు. వందల నుంచి ఏడు తీస్తే తొంభై నాలుగన్నడు. మేడం మళ్ల అడిగింది. "గవర్నమెంటు బళ్లె గట్లనే వస్తది" అన్నడు.

కరపత్రం చదివిన. కొన్ని రోజులు పంచకుంట ఆపు. తొందరేమున్నది.

మీ మామ
స్వామిదాసు


మొయినాబాద్
26 సెప్టెంబర్

మామకు,
ఉద్యమ వందనాలు.

ఉత్తరం చదివాక షాపు షట్టరు సగం దించి నేను కూడా వంద నుంచి ఏడు తీస్తూ వచ్చాను. మొదటిసారి ఐదు దగ్గర తేలాను, రెండోసారి సున్నా దగ్గర. దీనివల్ల తెలిసేది ఏమిటంటే ఈ పరీక్ష అశాస్త్రీయం. శ్రామికుడి మెదడును ఓడించి, ఓడిందని కాగితం రాసి, దాన్ని యాజమాన్యం చేతిలో పెట్టడం. నేను చదివిన ఒక పుస్తకంలో సరిగ్గా ఇదే ఉంది. పుస్తకం పదహారు పేజీలే, కానీ అన్నీ ఉన్నాయి.

కాబట్టి చర్య తీసుకున్నాను. మీ వనిత మేడం మెహిదీపట్నం నుంచి వస్తుందట. గురువారం మా షాపులో దిగి ఒక కట్ట జిరాక్స్ చేయించుకుంది. మధ్యలో చేత్తో రాసిన పదిహేను మాటల చీటీ కనిపించింది. ఒక కాపీ ఎక్కువ తీశాను. ఈ కవరులో మడిచి పెట్టాను. బట్టీ పట్టి చింపెయ్యి.

ఇది దొంగతనం కాదు. వాళ్ల ఆయుధాన్ని వాళ్ల మీదికే తిప్పడం.

కరపత్రాలు ఆపమన్నావు. ఎందుకో రాయలేదు. నేను ఆపలేదు.

కృపాకర్


చేవెళ్ల
9 అక్టోబర్

కృపాకర్‌కు,
వందనాలు.

నువ్వు పంపిన చీటీ మూడు రోజులు బట్టీ పట్టిన. అది పరీక్ష చీటీ కాదు. ఈడ వంట చేసే సక్కుబాయి సామాన్ల చీటీ, మేడం కట్టల కలిసిపోయింది. కందిపప్పు, ఉప్పు, పసుపు అని ఉంటె పరీక్షల గిట్లనే ఇస్తరేమో అనుకున్న. నీకన్న అనుమానం రావద్దా.

శనివారం సక్కుబాయి చీటీ ఏడనో పోయిందని వాకిట్ల నిలబడి మొత్తుకుంటున్నది. నేను పోయి గడగడ అప్పజెప్పిన. పద్నాలుగు. ఒక్కటి యాదికి రాలే. అది చింతపండు. ఆ పూట అందరం పులుపు లేని చారు పోసుకున్నం. అయినా ఈశ్వరయ్య సారు లేసి నిలబడి నాకు చప్పట్లు కొట్టిండు.

మేడం పిలిచి, "నాలుగు నుంచి పద్నాలుగుకు ఎట్ల వచ్చినవ్ అంకుల్?" అని అడిగింది. నేను యాది పెట్టుకునే తరీఖ చెప్పిన. నా బస్సుకు పదిహేను స్టాపులు. మాట చెప్పంగనే దాన్ని స్టాపుల నిలబెడత. మెహిదీపట్నంల కందిపప్పు, లంగర్‌హౌస్‌ల ఉప్పు, అజీజ్‌నగర్‌ల పసుపు. తిరిగి చెప్పుమంటె బస్సు తీసుకొని పోతనే ఉంట, ఒక్కొక్కటి ఎక్కుతనే ఉంటది. చదువుకున్నోళ్లు గిట్లాంటిది డబ్బులిచ్చి నేర్చుకుంటరట. నేను డ్యూటీ అనుకున్న.

తర్వాత ఆమె నా పాత కాగితాలన్ని ముందట పరిచింది. పోయిన రెండు వారాలల్ల ఎప్పుడు పరీక్ష పెట్టినా ఒకటే పోతున్నది. ఎప్పటికీ పదమూడోదే పోతున్నది. ఒకసారి నిమ్మకాయ, ఒకసారి గొడుగు, ఇప్పుడు చింతపండు. స్టాపులు రాసియ్యుమన్నది. రాసిచ్చిన. దాని నకలు నీకు పంపుతున్న, మీ అమ్మకు చూపియ్యి, నా అక్షరం మంచిగైందని సంతోషపడతది.

మీ మామ


మొయినాబాద్
17 అక్టోబర్

మామకు,
ఉద్యమ వందనాలు.

చీటీ సంగతి ఒప్పుకుంటున్నాను. ఉద్యమాల్లో సమాచార లోపాలు సహజం.

అమ్మ నీ అక్షరం చూసి బైబిల్లో పెట్టుకుంది. పెట్టుకునే ముందు నేను లెక్కపెట్టాను. పదిహేను అన్నావు, పద్నాలుగు స్టాపులే రాశావు. మొయినాబాద్ చౌరస్తా తర్వాత సురంగల్ మలుపు రాయలేదు. పదమూడోది అదే. సొంత ఊరి మలుపును మరిచిన డ్రైవరు దేశంలో నువ్వొక్కడివే. ఇది మందుల ప్రభావం. మేడంను నిలదియ్యి.

ఇంకొక సంగతి. నీకు అనుకూలంగా సంతకం పెట్టించుకుందామని నీలవేణి ఇంటికి వెళ్లాను. అంజిలయ్య కాక బర్రెకు నీళ్లు పెడుతున్నాడు. కరపత్రం ఇచ్చాను. నిలబడి మొత్తం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిగ రాసినవ్ బిడ్డా. నువ్వు ఆ బస్సుల ఉన్నవా?" అన్నాడు.

"లేను కాక. కానీ పరిస్థితులను బట్టి..."

"మీ మామ ఉండె గద. ఆయన్ని అడగకపోయినవా?"

"ఆయనకు గుర్తులేదు."

"అట్లనా" అని బర్రె వైపు తిరిగాడు. తర్వాత బర్రెతోనే మాట్లాడాడు.

నీలవేణి బయటికి వచ్చింది. సంతకం అడిగితే, "నాకు చెయ్యి ఇరిగింది కదా అన్నా, సంతకం ఎట్ల పెడత?" అంది. సరేనని వచ్చేశాను. పొలం గట్టు దాటాక గుర్తొచ్చింది, పట్టీ ఎడమ చేతికి ఉంది.

వాళ్లను యాజమాన్యం కొనేసిందని నా అనుమానం. కొనేస్తే ఆ అమ్మాయికి ఉద్యోగమైనా ఇచ్చేవాళ్లు కదా అని అమ్మ అంటోంది. ఆమె పడిన మూడో రోజే కాలేజీకి కంపెనీ వచ్చి నలభై ఒక్కమందిని తీసుకుంది. ఆ ఇంటర్వ్యూ కోసం ఆమె రెజ్యూమే కొట్టింది నేనే. ఇరవై కాపీలు తీయించుకుంది. అన్నీ అలాగే ఉండి ఉంటాయి.

కృపాకర్


చేవెళ్ల
30 అక్టోబర్

కృపాకర్‌కు,
వందనాలు.

ఈడ వానలు తగ్గినయి. అన్నం మంచిగనే పెడుతున్నరు. ఈశ్వరయ్య సారు వంద నుంచి రెండు దాకా దిగిండు. దిగినంక ఏడ్చిండు. నలభై ఏండ్లు పిల్లలకు చెప్పిన లెక్క అంట.

ఎర్రచీటీలు ఇరవైల మూడింటికే కొడుతున్న. ఎర్రచీటి అని కండ్లకు తెలుస్తది. చెయ్యి లేస్తనే ఉంటది. దాన్ని నడుమ పట్టుకొని ఆపాలె. మేడం నేర్పేది ఆ ఆపుడే. సీసా ముందట కూడా గదే పని చేస్తదట.

నువ్వు ఆ ఇంటికి మళ్ల పోకు.

మీ మామ


మొయినాబాద్
7 నవంబర్

మామకు.

నీ ఉత్తరం పది వాక్యాలో పన్నెండో ఉంది. అందులో వానలు, అన్నం, ఈశ్వరయ్య సారు. ఇక్కడ నేను ఒక్కడిని కాలేజీ గేటు ముందు నిలబడి వాచ్‌మన్‌తో తిట్లు తింటున్నాను. మొన్న కాలరు పట్టుకున్నాడు, నేనూ పట్టుకున్నాను. అమ్మ షర్టు కుట్టింది.

ఆ ఇంటికి ఎందుకు వెళ్లకూడదో చెప్పవు. కరపత్రం ఎందుకు పంచకూడదో చెప్పవు. మెకానిక్ పేతురును అడిగితే ఆ కడ్డీ ముందు శనివారమే తాను బిగించానంటాడు. వాడి జీతం ఎవరిస్తారో వాడి మాట వాళ్లదే. అందరూ అటువైపే. నువ్వైనా ఇటువైపు ఉన్నావా?

విచారణ నాటికి ఇరవైమంది వస్తారు. బ్యానరు రాయించాను. నువ్వు గదిలో ఒక్క మాట అంటే చాలు: గుర్తులేదు. తాగినవాడికి గుర్తులేదంటే ఏ కమిటీ కాదనలేదు. మిగతాది మేం చూసుకుంటాం.

ఈ ఉత్తరానికి వాన సంగతులు లేకుండా జవాబు రాయి.

కృపాకర్


చేవెళ్ల
20 నవంబర్

కృపాకర్‌కు,

వాన సంగతి రాస్తలేను.

ఆ పొద్దు నాకు యాదికి ఉన్నది. మొదటి నుంచి ఉన్నది. ఇంట్లకెళ్లి బయలెల్లంగనే క్వార్టర్ల సగం తాగిన. మెహిదీపట్నం పోయి అన్ని స్టాపులు ఎక్కించుకున్న. సురంగల్ మలుపుల ఆపిన. నీలవేణి ఒక కాలు మెట్టు మీద పెట్టింది, ఒక కాలు కిందనే ఉన్నది. అద్దంల కనబడ్డది. ఆగాలె అని మెదడు చెప్పింది. అది చెప్పేటాళ్లకు కాలు క్లచ్ ఇడిసింది. ఎర్రచీటి చూసినంక కూడా బల్ల మీద కొట్టిన చెయ్యి లెక్క.

కడ్డీ ఊడి లేదు. బస్సు కదిలితే ఆ పిల్ల కడ్డీ పట్టుకొని ఏలాడింది. అప్పుడు ఊడింది. పేతురు మంచిగనే బిగించిండు.

గుర్తులేదు అన్నది నేనే. తాగినోడు ఆ మాటంటె జనం నమ్ముతరు, జర జాలి కూడ పడతరు. అదొక్కటే నేను తాగుడు నుంచి సంపాయించింది. నువ్వు దాని మీద వెయ్యి కాగితాలు కొట్టినవ్. ఆపుమని రాసిన గని ఎందుకో రాసే ధైర్యం రాలే.

పదమూడో స్టాపుల నిమ్మకాయ పెడత, గొడుగు పెడత. మర్లి వచ్చి చూస్తె ఉండదు. ఆడ ఆ పిల్ల నిలబడి ఉన్నది. మాటను ఏడ పెట్టాలె.

మేడంకు చెప్పిన. "మెదడు బాగుపడితే మంచివే యాదికి వస్తయని మేము ఎవ్వరికి హామీ ఇయ్యలేదు అంకుల్" అన్నది. తర్వాత చాయ్ తెప్పిచ్చింది. ఈసారి లిస్టుల ఉన్నది.

విచారణల ఏం చెప్పాలెనో నాకు తెలుసు. చెప్తె నౌకరి పోతది. నీ మాట కూడ పోతది. అందుకే నీకు ముందుగాల రాస్తున్న.

మీ మామ


మొయినాబాద్
24 నవంబర్

స్వామిదాసుకు,

నువ్వు నన్ను మూడు మండలాల్లో అబద్ధాలకోరును చేశావు. ఆ వాచ్‌మన్ ముందు, పేతురు ముందు, అంజిలయ్య కాక ముందు. అతను బర్రెతో ఎందుకు మాట్లాడాడో ఇప్పుడు తెలిసింది. మనిషితో మాట్లాడితే కొట్టేవాడు.

కడ్డీ తాగదు అని పెద్ద అక్షరాల్లో వేశాను.

ఇక నాకు ఉత్తరం రాయొద్దు.

27 నవంబర్

పైది రాసి మూడు రోజులైంది. పోస్టు డబ్బా దాకా రెండుసార్లు వెళ్లాను. నీ చీటీల సంగతి గుర్తొచ్చి రెండుసార్లూ వెనక్కి వచ్చాను. చెయ్యి లేస్తూనే ఉంది, పట్టుకుని ఆపుతున్నాను. ఇది చాలా చిరాకు పని. నీకు రోజూ చేయిస్తున్నారా?

ఒక మాట అడుగుతాను, తిట్టకు. నువ్వు గదిలో గుర్తులేదు అంటే ఇప్పటికీ ఎవరూ కాదనలేరు. అమ్మకు తెలియదు. నాకు తెలుసు, కానీ నేను చెప్పను. నీకు నలభై ఆరేళ్లు. బస్సు తప్ప వేరే పని రాదు. ఇలాంటి మాట రాస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. మా పదహారు పేజీల పుస్తకంలో ఈ పరిస్థితి లేదు.

పైది కొట్టెయ్యలేదు. అది కూడా చదువు.

కృపాకర్


చేవెళ్ల
12 డిసెంబర్

కృపాకర్‌కు,
ప్రభువు నామంల వందనాలు.

నిన్న నువ్వు బయట బ్యానరు చుట్టి చంకల పెట్టుకొని ఒక్కనివే నిలబడ్డవ్. ఇరవైమందిని ఏం చెప్పి పంపినవో తెల్వదు. నేను నీ ముందట నుంచే పోయిన గని మాట్లాడలేకపోయిన. మళ్ల మేడం బండ్లనే ఈడికి తీసుకొచ్చిండ్రు. అందుకే రాస్తున్న.

గదిల ముగ్గురు సార్లు. ఒకాయన అడిగిండు, "ఆ రోజు జరిగింది గుర్తున్నదా?" అని. ఉన్నదన్న. ఆయన "గుర్తులేదు" అని రాసుకున్నడు. సగం రాసినంక తల ఎత్తి, "ఏమన్నవ్?" అన్నడు. మళ్ల చెప్పిన. మొదటి స్టాపు నుంచి మొదలుపెట్టి చెప్పిన. పన్నెండు దాకా వాళ్లకు అక్కరలేదు, గని నడుమకెళ్లి చెప్పుడు నాకు రాదు. పదమూడు కాడ ఆగిన. చెప్పిన.

అంజిలయ్య గోడకు ఆనుకొని నిలబడ్డడు. నీలవేణిని అడిగిండ్రు, ఈయన చెప్పింది నిజమేనా అని.

"నిజమే సార్. ఆయన అద్దంల నన్ను చూసిండు. నేను కూడా అద్దంల ఆయన్ను చూసిన."

"మరి ఇన్ని రోజులు చెప్పలేదేంటమ్మా?"

"ఆయన గుర్తులేదన్నడు. ఇంకో దిక్కు వెయ్యి కాగితాలున్నయి. నా దిక్కు నేనొక్కదాన్నే ఉన్న."

ఆ మాట నీకు రాయాల్నా వద్దా అని పొద్దటి నుంచి ఆలోచించిన. రాసిన.

బయటికి వచ్చినంక అంజిలయ్య నా పక్కకు వచ్చిండు. కొడతడనుకున్న. "చెయ్యి అతికింది. ఇంకో కంపెనీ వస్తదట, జనవరిల" అన్నడు. అని పోయిండు.

మీ మామ


మొయినాబాద్
19 డిసెంబర్

మామకు,
వందనాలు.

ఆ మాట రాసి మంచి పని చేశావు. చదివాక ఒక గంట ఏమీ కొట్టలేదు. ఓనరు కరెంటు పోయిందా అని అడిగాడు.

తర్వాత కొత్త కరపత్రం కొట్టాను. నాలుగు వాక్యాలు. బస్సు కదిలించింది డ్రైవరే. కడ్డీ బాగానే ఉంది. నీలవేణి చెప్పిందే నిజం. ముందు రాసింది తప్పు, రాసింది నేను. కింద పేరు వేసుకున్నాను. వెనుకటి కరపత్రం కింద ‘యువజనులు’ అని వేశాను గదా, అప్పుడు కూడా నేనొక్కడినే.

కాగితం వృథా ఎందుకని మిగిలిన పాతవాటి వెనకే కొట్టి సురంగల్ అంతా పంచాను. ఇంటికి వచ్చాక అమ్మ రెండు వైపులా తిప్పి చూసి, "ఇందుల ముందుది ఏదిరా?" అంది. ఒక వైపు కడ్డీ తాగదు అని ఉంది, ఒక వైపు కడ్డీ బాగానే ఉంది అని ఉంది. మర్నాడు మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, ఇచ్చినవి అడిగి తీసుకుని, పాత వైపు పెన్నుతో అడ్డంగా గీత కొట్టి తిరిగి ఇచ్చాను. రెండొందల పన్నెండు ఇళ్లు. కొందరు చాయ్ ఇచ్చారు. వసంతమ్మ పెద్దమ్మకు చదవడం రాదు, చదివి వినిపించమంది. నాలుగు వాక్యాలు గట్టిగా చదివాను. రాయడం తేలిక.

నీలవేణి కాగితం తీసుకుని, "నా రెజ్యూమేల తేదీ మార్చాలన్నా, షాపుకు వస్త" అంది. రేపు వస్తుంది.

నీ కాగితం వచ్చిందా?

కృపాకర్


చేవెళ్ల
27 డిసెంబర్

అల్లుడు కృపాకర్‌కు,
ప్రభువు నామంల వందనాలు.

కాగితాలు రెండు ఇయ్యాల ఒకటే రోజు వచ్చినయి. మొదటిది కేంద్రంది. జ్ఞాపకం, ధ్యాస, చేతికాళ్ల అదుపు పరీక్షించినం, బస్సు నడపడానికి తగినవాడు అని. రెండోది కాలేజీది. డ్రైవరు పని నుంచి తొలగించినం అని. మేడం రెండింటిని ఒకటే పిన్నుకు గుచ్చి ఇచ్చింది. "రెండూ మీయే అంకుల్" అన్నది.

పండుగ మొన్న ఈడనే చేసుకున్నం. ఈశ్వరయ్య సారు కేకు కోసి పద్దెనిమిది ముక్కలు సరిగ్గ పంచిండు. గండిపేట దిక్కు కొత్త ఇండ్ల కాడ తోటపని ఉన్నదట, ఆయనే ఎవలకో నా గురించి చెప్పిండు. పోయి చూడాలె.

నిన్న ఆఖరి పరీక్ష. పదిహేనుకు పదిహేను. పదమూడోది కంచం. ఆ పిల్లను జర పక్కకు జరుగుమనలే. ఆమె ఉన్న కాడనే ఉన్నది. కంచం ఆమె పక్కన పెట్టిన, నిలబడ్డది.

శనివారం ఇడుస్తరు. ఆర్టీసీ బస్సుకు వస్త. చౌరస్తాల ఎదురుచూడకుండ్రి. నేను సురంగల్ మలుపుల దిగి నడిచి వస్త.

మీ మామ
స్వామిదాసు